పాత గడ్డి బేలర్‌లో వంగిన పార్టులు: ఏది తిన్నగా చేయాలి, ఏది మార్చాలి

మీ ప్రశ్నని క్లుప్తంగా ఇలా అర్థం చేసుకున్నాను. కొన్నేళ్ళు కదలకుండా పడి ఉన్న పాత చదరపు కట్టల బేలర్ (గడ్డిని నొక్కి తాడుతో కట్టలు కట్టే యంత్రం) ఒకటి తీసుకున్నారు. కట్ట చుట్టూ తాడుని తెచ్చే రెండు సూదుల్లో ఒకటి పక్కకి వంగి ఉంది. గడ్డిని గదిలో నొక్కే ప్లంజర్ ప్రతి దెబ్బకీ టక్కుమంటోంది. కట్ట గది కుడివైపు రేకు బయటికి ఉబ్బింది. నేల మీది గడ్డిని ఎత్తే పికప్ పళ్ళు పది పన్నెండు వంకరపోయాయి. గ్యాస్ మంటతో కాల్చి అన్నీ తిన్నగా చేసేయొచ్చా, కొత్తవే వేయాలా అని అడిగారు.

కొన్ని కాల్చొచ్చు, కొన్ని చల్లగా ఉన్నప్పుడే వంచాలి, కొన్నింటి మీద సుత్తి దెబ్బ కూడా పడకూడదు. ఏది ఎలాగో చెప్తాను. దానికంటే ముందు ఒక సంగతి. బేలర్‌లో ఏ ముక్కా ఊరికే వంగదు. దానికంటే ముందు తెగాల్సిన బోల్టు తెగకపోయి ఉండాలి, లేదా అడ్డుపడాల్సిన గడియ అడ్డుపడకపోయి ఉండాలి. ఆ కారణం పట్టుకోకుండా సూది ఒక్కటే తిన్నగా చేసి బిగిస్తే అదే సూది మళ్ళీ వంగుతుంది. ఈసారి విరిగినా విరుగుతుంది.

ఇది నాకు అనుభవంతో తెలిసింది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో సూది విరిగిన బేలర్ ఒకటి నా చేతికొచ్చింది. కొత్త సూది వేసి, టైమింగ్ సరిచేసి పంపాను. రెండు రోజులు బాగా నడిచింది. మూడో రోజు అదే సూది, దాదాపు అదే చోట విరిగింది. అప్పుడు ఫ్లైవీల్ (యంత్రాన్ని తిప్పే బరువైన చక్రం) దగ్గర కూర్చుని షియర్ బోల్టు, అంటే భారం మించితే తాను తెగి మిగతా ముక్కల్ని కాపాడే బోల్టు, విప్పి చూశాను. బోల్టు తల మీద ఆరు గీతలున్నాయి. అంటే గ్రేడ్ 8, చాలా గట్టి బోల్టు. ఆ బేలర్‌కి అక్కడ ఉండాల్సింది గీతలే లేని మెత్తటి గ్రేడ్ 2 బోల్టు. మాటిమాటికీ తెగుతోందని ఎవరో గట్టిది వేసేశారు. ఇక ఆ బోల్టు తెగదు కదా, దాని బదులు సూది తెగింది. మొదటిసారే ఆ బోల్టు విప్పి చూసి ఉంటే ఒక సూదీ, ఆ రైతుకి కోత రోజుల్లో మూడు రోజులూ మిగిలేవి. అప్పటి నుంచి ఏ బేలర్ వచ్చినా నేను మొదట చూసేది వంగిన ముక్కని కాదు, షియర్ బోల్టుని.

పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు. ట్రాక్టర్ ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకోండి. ట్రాక్టర్ బలాన్ని బేలర్‌కి అందించే పీటీఓ షాఫ్ట్‌ని ట్రాక్టర్ నుంచి పూర్తిగా ఊడదీయండి. పీటీఓ ఆపాక కూడా ఫ్లైవీల్ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, అది పూర్తిగా ఆగేదాకా దగ్గరికి వెళ్ళొద్దు. గదిలో పాత గడ్డి బిగిసి ఉంటే కట్టని బిగించే టెన్షన్ స్ప్రింగులు పూర్తిగా వదులు చేసి, ఆ గడ్డిని లాగేయండి. నొక్కుకుపోయిన గడ్డి ప్లంజర్‌ని వెనక్కి నెట్టగలదు. గదిలో చెయ్యి పెట్టాల్సి వస్తే ఫ్లైవీల్ కదలకుండా చెక్క మొద్దు అడ్డం పెట్టాలి. ఒంటరిగా చేస్తున్నా ఇది మానొద్దు. ఇకపై నేను 'తిప్పండి' అని రాసిన ప్రతిచోటా ఫ్లైవీల్‌ని చేత్తో, అది మామూలుగా తిరిగే దిశలోనే తిప్పాలని అర్థం.

ఇప్పుడు కారణం వెతుకుదాం. ట్రాక్టర్ బలం పీటీఓ షాఫ్ట్ నుంచి ఫ్లైవీల్‌కి, అక్కడి నుంచి గేర్ బాక్స్‌కి, క్రాంక్ ద్వారా ప్లంజర్‌కి వెళ్తుంది. గడ్డిని గదిలోకి తోసే ఫీడర్‌కి, సూదులకీ, ముడి వేసే నాటర్‌కీ, పికప్‌కీ అక్కడి నుంచే వేరే దారులు చీలతాయి. దాదాపు ప్రతి దారిలోనూ ఒక బలహీనమైన ముక్కని కావాలనే పెట్టారు. ఫ్లైవీల్‌కి షియర్ బోల్టు ఉంటుంది. సూదులకీ నాటర్‌కీ కలిపి ఇంకో చిన్న షియర్ బోల్టు, చాలా వాటిలో ఫీడర్‌కి మరొకటి ఉంటాయి. పికప్‌కి జారే క్లచ్చో, జారే బెల్టో ఉంటుంది. వీటన్నింటినీ విప్పి చూడండి. బోల్టు తల మీద గీతలు లేకపోతే గ్రేడ్ 2, మూడుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. మెట్రిక్ బోల్టులైతే 8.8, 10.9 అని అంకెలుంటాయి. మీ బేలర్ మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే వేయాలి, అంతకంటే గట్టిది వద్దు, మెత్తదీ వద్దు.

బోల్టు సరైనదే అయినా దాని రంధ్రాలు చూడండి. తెగాల్సిన చోట రెండు ముఖాలూ ఒకదానికొకటి ఆనుకుని, రంధ్రాలు గుండ్రంగా ఉండాలి. రంధ్రం సాగి కోడిగుడ్డులా అయితే బోల్టు శుభ్రంగా తెగదు. ముందు వంగుతుంది, ఆ రంధ్రంలో అటూ ఇటూ కొట్టుకుంటుంది, తెగాల్సిన సమయానికి తెగదు, అక్కర్లేనప్పుడు తెగుతుంది. అలాంటి రంధ్రాన్ని పెద్దది చేసి గట్టి ఉక్కు బుష్ (గొట్టం లాంటి తొడుగు) వేయించండి. రెండు ముఖాలు కలిసే చోట బోల్టు నున్నటి మెడ పడాలి, మరలు పడకూడదు.

రెండో అనుమానితుడు ప్లంజర్ గడియ. సూదులు గదిలో ఉన్నంతసేపూ ప్లంజర్ దారికి అడ్డంగా నిలిచే దిట్టమైన ఇనప మొద్దు ఇది. ఏదైనా కారణంతో సూదులు గదిలోనే ఇరుక్కుంటే ప్లంజర్ వచ్చి ఈ గడియని కొడుతుంది, ఆ దెబ్బకి ఫ్లైవీల్ షియర్ బోల్టు తెగుతుంది, సూదులు బతుకుతాయి. అంటే గడియా బోల్టూ జతగా పనిచేస్తేనే రక్షణ. చాలా ఏళ్ళు పడి ఉన్న యంత్రాల్లో ఈ గడియ తుప్పు పట్టి వెనక్కి బిగుసుకుపోవడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. మీ దాంట్లోనూ అదే అయ్యుంటుందని నా అంచనా. నాటర్ ట్రిప్ చేసి (ముడి వేయడం మొదలయ్యేలా మీట వదిలి), నెమ్మదిగా తిప్పుతూ సూదులు పైకి లేస్తుంటే ఆ గడియ గదిలోకి వస్తోందో లేదో కళ్ళారా చూడండి. రాకపోతే విప్పి, తుప్పు గీకి, పిన్ను నున్నగా చేసి, స్ప్రింగు బలహీనమైతే మార్చి, వేలితో నొక్కి వదిలితే టక్కున తిరిగొచ్చేలా చేయండి. ఇది కాకుండా ఒక్క కట్ట కూడా కట్టొద్దు.

మూడోది సూదుల బ్రేకు. నాటర్ షాఫ్ట్ చివర చిన్న డిస్కు, దాన్ని పట్టుకునే లైనింగూ ఉంటాయి. ముడి పడ్డాక సూదులు తమ చోటికి వచ్చి అక్కడే నిలవడానికి అది. ఈ బ్రేకు వదులైనా, దాని మీద నూనె పడినా, కుదుపులకి సూదులు మెల్లగా గదిలోకి తొంగిచూస్తాయి. ప్లంజర్ వాటిని పట్టుకుంటుంది. నాటర్‌కి నూనె వేసేటప్పుడు ఈ లైనింగ్ మీద చుక్క పడకుండా చూసుకోవాలి.

ఈ మూడూ సరిచూశాక వంగిన ముక్కల దగ్గరికి వద్దాం. మొదట లోహం ఏదో తెలుసుకోండి, ఎందుకంటే కాల్చాలా వద్దా అన్నది పూర్తిగా దాని మీదే ఉంటుంది. కనిపించని మూల గ్రైండర్ ఆనించి నిప్పురవ్వలు చూడండి. మామూలు మెత్తటి ఉక్కు అయితే పసుపు తెలుపు రవ్వలు పొడుగ్గా లేస్తాయి. బీడు (పోత ఇనుము) అయితే ఎర్రగా, మసకగా, పొట్టిగా వచ్చి దగ్గర్లోనే ఆరిపోతాయి. విరిగిన చోట గరుకు గరుకుగా బూడిద రంగు పలుకులు కనిపించినా అది బీడే. బీడు పెళుసు, వంచితే విరుగుతుంది. స్ప్రింగు ఉక్కు వంగుతుంది గానీ కాల్చితే దాని పదును పోతుంది, ఇక స్ప్రింగులా తిరిగి రాదు. గట్టిపరిచిన పిన్నులు, షాఫ్టులు కూడా అంతే. కాల్చి వంపు తీయగలిగేది ఒక్క మెత్తటి ఉక్కునే. ఫ్రేము, గది రేకులు, పట్టీలు, బ్రాకెట్లు, డ్రాబార్ ఈ కోవలోకి వస్తాయి.

పని వరుస కూడా ముఖ్యం. ముందు గది, తర్వాత ప్లంజర్, తర్వాత కత్తులు, ఆ తర్వాతే సూదులు. గది వంకరగా ఉంటే ప్లంజర్ వంకరగా నడుస్తుంది, ప్లంజర్ వంకరగా ఉంటే సూది ఎంత తిన్నగా ఉన్నా తగులుతుంది. సూదితో మొదలుపెడదామనిపిస్తుంది, కానీ అది ఆఖరి పని.

గది కొలతలు తీసుకోండి. ఎక్కువ చదరపు బేలర్లలో గది 14 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు, అంటే దాదాపు 36, 46 సెంటీమీటర్లు ఉంటుంది. మీకు కావాల్సింది ఆ అంకె కాదు, అది అన్నిచోట్లా ఒకేలా ఉందా అన్నది. ముందు, మధ్య, వెనక, ప్రతి చోటా పైనా కిందా వెడల్పు కొలిచి సుద్దతో అక్కడే రాయండి. తర్వాత మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి, రెండూ ఒకటి కాకపోతే గది మెలితిరిగినట్టు. పక్క రేకు పొడవునా బిగుతుగా దారం లాగితే ఉబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో కంటికి తెలుస్తుంది.

ఉబ్బిన రేకుని సుత్తితో బాదితే లోహం ఇంకా సాగి, ఉబ్బు చోటు మారుతుందే గానీ పోదు. నేను చేసే పద్ధతి ఇది. గది చుట్టూ బలమైన గొలుసు వేస్తాను. గొలుసుకీ ఉబ్బిన రేకుకీ మధ్య చిన్న హైడ్రాలిక్ జాకీ, దాని ముందు అడుగు పొడవు మందపాటి పట్టీ పెడతాను. అవతలి వైపు గొలుసు రేకు మీద పడకుండా మూలల మీద ఆనేలా అడ్డంగా చెక్క వేస్తాను. తర్వాత కొంచెం కొంచెంగా నొక్కుతాను. ఉక్కు తిన్నగా అయ్యేదాకా నొక్కి వదిలితే కొంత వెనక్కి వస్తుంది, అందుకని తిన్నగా అయిన చోటు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి నొక్కి, వదిలి, దారంతో చూసి, మళ్ళీ నొక్కాలి. ఒక్కసారే తేవాలనే తొందర వద్దు. నాలుగు సార్లు వదిలి చూస్తే తప్పు చేయరు.

జాకీకి లొంగని మొండి ఉబ్బు మిగిలితే అప్పుడు మంట. కాల్చి వంపు తీయడమంటే ఎర్రగా చేసి బాదడమని చాలామంది అనుకుంటారు. నిజానికి పని చేసేది చల్లారడం. ఉబ్బిన వైపున, ఉబ్బు నడి నెత్తిన, నాణెమంత చోటుని త్వరగా వేడి చేస్తారు. ఆ చోటు సాగాలనుకుంటుంది, చుట్టూ ఉన్న చల్లటి లోహం సాగనివ్వదు, అందుకని అది అక్కడే మందంగా నొక్కుకుపోతుంది. చల్లారేటప్పుడు ముడుచుకుని చుట్టుపక్కల రేకుని తనవైపు లాక్కుంటుంది, ఉబ్బు దిగుతుంది. నీడలో చూస్తే మసక ఎరుపు కనిపించగానే ఆపాలి, 650 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటకూడదు. నీళ్ళు పోయకుండా దానంతట అదే చల్లారనివ్వండి. పట్టీ గానీ చానెల్ గానీ అంచు మీదుగా వంగితే నాణెం బదులు వి ఆకారంలో కాల్చాలి, వెడల్పు భాగం బయటికి వంగిన అంచు మీద, మొన లోపలి వైపు.

ఇక్కడ నిప్పు గురించి గట్టిగా చెప్పాలి. పాత బేలర్ సందుల్లో ఏళ్ళ నాటి గడ్డి పొట్టు, గ్రీజులో నానిన దుమ్ము ఉంటాయి. బయట ఆరుబయట పెట్టి, గాలి కొట్టి, గీకి, కడిగి, ఆరాకే మంట వెలిగించండి. పక్కన నీళ్ళ పైపు ఉండాలి. పని అయ్యాక కనీసం గంటసేపు అక్కడే ఉండి చూడండి, పొట్టు లోపల్లోపల రగిలి తర్వాత మంటవుతుంది. టైరు ఉన్న చక్రం రిమ్ముకి మాత్రం ఎప్పుడూ మంట పెట్టొద్దు, వెల్డింగ్ చేయొద్దు. గాలి తీసేసిన టైరు అయినా సరే, విప్పేసి గానీ చేయకూడదు. అది పేలి మనుషుల ప్రాణాలు తీసింది.

రేకు ఎందుకు ఉబ్బిందో కూడా చూడండి. పైనా కిందా రెండు పక్కల్ని కలిపే అడ్డ పట్టీల్లో ఒక బోల్టు లేకపోవడమో, వెల్డింగ్ పగలడమో సాధారణంగా కనిపిస్తుంది. అది అతకకుండా రేకు ఒక్కటే సరిచేస్తే తడి గడ్డి పడగానే మళ్ళీ ఉబ్బుతుంది.

పగులు అతికేటప్పుడు, పగులు చివర ఎక్కడుందో జాగ్రత్తగా చూసి, అక్కడ మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. అప్పుడే అది ముందుకు పాకదు. పగులు పొడవునా అడుగుదాకా వి గాడి కోసి, ఎండిన 7018 రకం వెల్డింగ్ రాడ్డుతో నింపండి. పైన పట్టీ వేయాలనుకుంటే దాన్ని చదరంగా కాకుండా గాలిపటంలా మొనలు వచ్చేలా కోయండి. చదరపు పట్టీ అంచు పగులుకి అడ్డంగా పడి, కొన్నాళ్ళకి సరిగ్గా ఆ అంచు వెంబడే కొత్త పగులు వస్తుంది. వెల్డింగ్ ఎర్త్ క్లాంపుని అతికే చోటుకి జానెడు దూరంలోనే పెట్టండి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోతుంది, గుండ్ల మీద చిన్న చిన్న మచ్చలు కాలి, వారంలో బేరింగ్ గోల మొదలవుతుంది.

ఇప్పుడు ప్లంజర్ టక్కు. ఇది నాలుగైదు చోట్ల నుంచి రావొచ్చు, చెవితో పట్టడం కష్టం, చేత్తో పట్టడం తేలిక. ఒకరు ఫ్లైవీల్‌ని బెత్తెడు అటూ ఇటూ కదుపుతూ ఉండాలి. మీరు ఒక్కో కీలు బయటి పక్కన వేళ్ళు ఆనించండి, సందులో పెట్టొద్దు. ముందు ఫ్లైవీల్ హబ్బు, తర్వాత క్రాంక్ పిన్ను, తర్వాత ప్లంజర్ పిన్ను. ఎక్కడ ఒక భాగం కదిలాక రెండోది ఆలస్యంగా కదులుతోందో అక్కడ లూజు ఉంది. బేరింగో బుష్షో మార్చండి, పిన్ను అరిగితే అదీ మార్చండి. అరిగిన పిన్నుకి కొత్త బుష్ వేస్తే రెండూ పోతాయి.

ప్లంజర్‌ని క్రాంక్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిందేమో కూడా చూడాలి, సూది వంగేంత దెబ్బ తగిలిన చోట దీన్ని నమ్మలేం. విప్పి బల్ల మీద పెట్టండి. రెండు చివరల కన్నాల్లోనూ కన్నానికి సరిగ్గా పట్టే గుండ్రటి పొడుగు చువ్వలు ఒక్కోటి దూర్చండి. రెండు చువ్వల మధ్య దూరం కుడి కొసన ఎంత, ఎడమ కొసన ఎంత అని కొలవండి. తేడా వస్తే రాడ్ వంగింది. చువ్వల్ని ముందు నుంచి చూస్తే ఒకటి రెండోదానితో సమంగా కనిపించకపోతే మెలితిరిగింది. ఈ ముక్కని నేను తిన్నగా చేయను, మారుస్తాను. నిమిషానికి 60 నుంచి 100 దెబ్బలు మోసే ముక్క అది, విరిగితే ప్లంజర్‌నీ గేర్ బాక్స్‌నీ వెంట తీసుకుపోతుంది.

ప్లంజర్ నడిచే చక్రాలూ పట్టాలూ అరిగితే ప్లంజర్ కిందికి దిగుతుంది, పక్కకి ఊగుతుంది. పాతకాలపు కొన్నింటిలో చక్రాల బదులు గట్టి చెక్క దిమ్మలుంటాయి, వాటిని మళ్ళీ చేయించుకోవచ్చు. ఇవి సర్దాక కత్తులు చూడండి. ప్లంజర్‌కి ఒక కత్తి, గది నోటి దగ్గర ఎదురు కత్తి ఉంటాయి. రెండూ కలిసే చోట సందు చాలా మోడళ్ళలో 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, మీ మాన్యువల్ అంకె చూసి ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్నటి రేకులు) పైనా కిందా కొలవండి. తగలకూడదు, సందు మరీ ఎక్కువా కాకూడదు. కత్తి మొద్దుబారితే గడ్డిని కోయకుండా నమిలి లాగుతుంది, కట్ట పక్కన పీచులు వేలాడతాయి, షియర్ బోల్టులు ఊరికే తెగుతాయి. వాలు ఉన్న వైపే సాన పట్టండి, చదును వైపు ముట్టుకోవద్దు.

ఇక సూది. ముందు వంగింది సూదేనా, సూదుల్ని మోసే ఫ్రేమా అని తేల్చుకోండి. రెండు సూదులూ ఒకే వైపుకి ఒకే అంత తప్పితే తప్పు ఫ్రేముది, లేదా అది వేలాడే బుష్షులది. సూది కొస పట్టుకుని పక్కకి కదిపితే చటుక్కున ఆడితే బుష్షులు అరిగాయి. ఒక్క సూదే తప్పితే, రెండూ ఒకే అచ్చువి అయిన పక్షంలో, రెండింటినీ విప్పేయండి. మంచి సూదిని చదునైన చెక్క మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. వంగినదాన్ని ఆ గీత మీద పెట్టండి. వంపు మధ్యలోనా, కొసలోనా, ఎన్ని మిల్లీమీటర్లో మొత్తం కనిపిస్తుంది. తర్వాత చెక్క మీదే పడుకోబెట్టి, కొస చెక్కకి ఆనుతోందా, లేచి ఉందా చూడండి, పక్క వంపు అలా తెలుస్తుంది. ఆ చెక్క దాచుకోండి, యంత్రం ఉన్నన్నాళ్ళూ పనికొస్తుంది.

చాలా పాత సూదులు బీడువి. అది మామూలు పెళుసు బీడైతే వంగకముందే విరిగేది. మీది విరగకుండా వంగిందంటే సాగే రకం బీడో, పోత ఉక్కో అయ్యుండాలి. కొసన కొద్దిపాటి వంపు, అయిదారు మిల్లీమీటర్ల లోపు అయితే, చల్లగా ఉన్నప్పుడే ప్రెస్సులోనో వైసులోనో రాగి రేకులు అడ్డం పెట్టి, నిదానంగా వెనక్కి తేవచ్చు. సుత్తి వద్దు, మంట వద్దు. తర్వాత వంపు ఉన్న చోట రంగు గీకి, కిరోసిన్ పూసి తుడిచి, సుద్దపొడి చల్లి చూడండి. సన్నటి పగులు ఉంటే లోపలి కిరోసిన్ పైకి ఊరి సుద్ద మీద నల్లటి గీత తేలుతుంది. గీత కనిపిస్తే సూది మార్చాల్సిందే. వంపు అంతకంటే ఎక్కువైతే నాకు దాని మీద నమ్మకం లేదు, కొత్తది వేయండి. విరిగిన బీడు సూదిని ఇత్తడి రాడ్డుతో బ్రేజింగ్ చేసి సీజన్ గట్టెక్కించినవాళ్ళున్నారు, నేనూ చేశాను, అదే గీసిన చెక్క మీద బిగించి చేయాలి. కానీ అది కొత్త సూది వచ్చేదాకా మాత్రమే.

తాడు జారే కొసనీ చూడండి. ఏళ్ళ తరబడి తాడు రాసుకుని అక్కడ సన్నటి గాడి పడుతుంది. గోటితో తడిమితే అంచు తెలుస్తుంది, అది తాడుని కత్తిలా కోస్తుంది. రోలర్ ఉంటే మార్చండి, లేకపోతే సన్న ఎమెరీ గుడ్డతో గుండ్రంగా నున్నగా చేయండి.

సూదులు బిగించాక నాటర్ ట్రిప్ చేసి చాలా నెమ్మదిగా తిప్పండి, ఒకరు లైటు పట్టుకోవాలి. సూది కొస గదిలోకి అడుగుపెట్టేసరికి ప్లంజర్ ముఖం దాన్ని దాటి ముందుకు వచ్చి ఉండాలి, సూది ప్లంజర్ గాడిలో దాక్కున్నట్టు రావాలి. గాడికి రెండు వైపులా సందు ఉండాలి. ప్లంజర్ ముఖం ముందు సూది కొస కనిపిస్తే టైమింగ్ తప్పింది, అక్కడే ఆపి గొలుసో గేరో ఎన్ని పళ్ళు జరిగిందో చూసి గుర్తులు కలపండి. పైకి వెళ్ళాక నాటర్‌లో తాడుని పట్టి ఉంచే పళ్ళెం పక్క నుంచి దాదాపు రాసుకుంటూ పోయి తాడుని గాడిలో పడేయాలి. ఫీడర్ చేతులు కూడా ఇదే తిప్పుడులో చూడండి, ప్లంజర్ వచ్చేలోపు అవి గదిలోంచి బయటికి వెళ్ళిపోవాలి. ఫీడర్ వేలు వంగి ఉంటే ప్లంజర్ తగిలిందేమో అనుమానించి టైమింగ్ చూడకుండా దాన్ని తిన్నగా చేయొద్దు.

నాటర్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను, ఎందుకంటే సూది సరిచేసిన ఉత్సాహంలో అందరూ దీని మీద చెయ్యి వేస్తారు. 1870ల చివర్లో అమెరికాలో జాన్ ఆపిల్‌బీ అనే ఆయన పంట కోసి కట్టే యంత్రం కోసం తయారుచేసిన ముడి పద్ధతే, చిన్న మార్పులతో, ఇప్పటికీ బేలర్లలో ముడి వేస్తోంది. అంత బాగా కుదిరిన యంత్రం అది. ముడులు పడుతుంటే తాకొద్దు. తాడుని ముడి వేసే కొక్కెం మీద నుంచి తుడిచే చెయ్యి ఒక్కదాన్నే, అది కొక్కేనికి తేలిగ్గా రాసుకునేలా, చల్లగా కొద్దిగా వంచి సర్దుకోవడం చాలా నాటర్లలో మామూలే. మిగతాదేదీ వంచేది కాదు. కొక్కెం తుప్పు పట్టి గరుకుగా ఉంటే సన్న ఎమెరీతో అద్దంలా చేయండి, తాడు కత్తికి పదును పెట్టండి. చాలా ఏళ్ళు పడి ఉన్న బేలర్‌లో ముడి రాకపోవడానికి చాలాసార్లు ఇవే కారణాలు.

పికప్ పళ్ళు స్ప్రింగు ఉక్కు, కాల్చొద్దు. వంగినవి మార్చేయండి, అంతకంటే తేలిక పని ఈ యంత్రంలో లేదు. పళ్ళు బిగించే కడ్డీ వంగితే పొడుగు పైపు దూర్చి చల్లగానే తిన్నగా చేయొచ్చు. పళ్ళ మధ్య రేకు పట్టీలు వంగి పళ్ళకి రాసుకుంటుంటాయి, రేకు మీద మెరిసే గీత ఉన్నచోటల్లా చెక్క దిమ్మ అడ్డం పెట్టి తట్టండి. కడ్డీ చివరి రోలర్ బేరింగులు ఒక్కోటి వేలితో తిప్పి చూడండి, ఒకటి బిగుసుకున్నా దాని చెయ్యి విరుగుతుంది. పొలంలో పళ్ళ కొసలు నేలకి రెండున్నర నుంచి అయిదు సెంటీమీటర్లు పైన ఉండేలా పెట్టుకోండి. మట్టి గీకే పళ్ళే రాళ్ళనీ లోపలికి తెస్తాయి.

ఏది బాగుచేయొద్దో కూడా చెప్పాలి. గేర్ బాక్స్ పెట్టె పగిలితే, క్రాంక్ మీద పగులు కనిపిస్తే, లేదా గది మెలితిరిగి మూల కొలతల్లో రెండు సెంటీమీటర్ల పైన తేడా వస్తే, అదే మోడల్ ఇంకో పాత యంత్రం పార్టుల కోసం వెతకడం మేలు. మీరు చెప్పిన లక్షణాలు అంతదాకా వెళ్ళలేదు, మీ బేలర్ బతుకుతుందనే నా నమ్మకం.

అంతా బిగించాక తాడు వేసి, చేత్తో తిప్పుతూ ఒక పూర్తి ముడి వేయించండి. తగలకుండా, ఆగకుండా వెళ్తేనే పీటీఓ తగిలించండి. ఇంజన్ తక్కువ స్పీడులో ఖాళీగా పావుగంట నడిపి, ఆపి, అన్నీ నిలిచాక బేరింగుల మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఉంచలేనంత వేడి ఉంటే అక్కడ పని మిగిలింది. తర్వాతే పీటీఓని నిమిషానికి 540 చుట్లకి తెచ్చి, టెన్షన్ వదులుగా పెట్టి, పల్చటి ఎండు గడ్డి వరుసలో పది కట్టలు కట్టండి. ఆపి, ప్లంజర్, కత్తులు, సూదుల ఫ్రేము, కనెక్టింగ్ రాడ్ బోల్టులు అన్నీ మళ్ళీ బిగించండి, కత్తి సందు మళ్ళీ కొలవండి. షియర్ బోల్టులు సరైన రకంవి అరడజను టూల్ బాక్సులో ఉంచుకోండి, పొలంలో అవి లేకనే జనం చేతికందిన గట్టి బోల్టు వేస్తారు. ఇవన్నీ చేశాక కూడా టక్కు వినిపిస్తే, అది ప్లంజర్ ముందుకు వెళ్ళేటప్పుడా, వెనక్కి వచ్చేటప్పుడా అని గమనించి రాయండి. ముందుకు వెళ్తూ గది నోటి దగ్గర వస్తే కత్తుల వైపు, రెండు కొసల్లోనూ వస్తే పిన్నుల వైపు చూద్దాం.